వంశానికి పేరుపెట్టిన కార్యదర్శి

ఆర్థర్ జాన్ బిగ్ బ్రిటిష్ సైన్యంలో ఫిరంగి దళ అధికారిగా చేరి, 1880లో రాజకొలువుకు మారి, 1931లో చనిపోయేదాకా అక్కడే పనిచేశారు. విక్టోరియా మహారాణికి చివరి ఆరేళ్లు ఆయనే ప్రైవేట్ సెక్రటరీ. ఆమె మనవడు జార్జి యువరాజుగా ఉన్న తొమ్మిదేళ్లు, ఐదో జార్జిగా గద్దెనెక్కాక దాదాపు ఇరవై ఒక్క ఏళ్లు కూడా ఆ పని ఆయనదే. 1911లో ప్రభువుల బిరుదు వచ్చాక లార్డ్ స్టాంఫర్డమ్ అనే పేరుతో చరిత్రకెక్కారు. ఎన్నికల్లో నిలబడలేదు, మంత్రి కాలేదు. అయినా సామ్రాజ్యాన్ని ఏలే మంత్రులు రాజును కలవాలంటే ముందు పలకరించాల్సింది ఆయన్నే.

ప్రైవేట్ సెక్రటరీ అంటే

బ్రిటన్ రాజు ప్రైవేట్ సెక్రటరీని మన సంస్థానాల దివానుతో పోల్చుకుంటే పొరపాటు. హైదరాబాదులో సాలార్ జంగ్ లాంటి దివాను నిజాం తరఫున పాలనే నడిపాడు. ప్రైవేట్ సెక్రటరీ చేతిలో ఏ శాఖా ఉండదు. ఆయన పని కాగితాలు, మనుషులు, మాటలు. మంత్రిత్వ శాఖల నుంచి పెట్టెల్లో వచ్చే పత్రాలు చదివి, ఏది ముఖ్యమో రాజుకు చెప్పాలి. ప్రధానమంత్రికి, ప్రతిపక్ష నాయకులకు, వైస్రాయిలకు, గవర్నర్ జనరళ్లకు రాజు తరఫున ఉత్తరాలు రాయాలి. ప్రసంగాలు తయారుచేయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, రాజు నోరుజారకుండా చూసుకోవాలి.

రాజ్యాంగంలో రాజుకు మిగిలిన హక్కులు మూడేనని వాల్టర్ బేజట్ 1867లో తన గ్రంథంలో తేల్చాడు: మంత్రులు తనను సంప్రదించాలి, తాను వారిని ప్రోత్సహించవచ్చు, హెచ్చరించవచ్చు. ఈ మూడూ మాటతో చేసే పనులే. ఆ మాటను ఎప్పుడు, ఎవరితో, ఎంత మోతాదులో అనాలో చూసేవాడే కార్యదర్శి.

ఈ ఉద్యోగం ఒక జబ్బు వల్ల పుట్టింది. మూడో జార్జి రాజుకు చూపు మందగించడంతో 1805లో సైనికాధికారి హెర్బర్ట్ టేలర్‌ను ఉత్తరాలు చదివిపెట్టడానికి, రాయడానికి నియమించారు. అంతకుముందు రాజుకూ మంత్రులకూ మధ్య మూడో మనిషి లేడు. రాజ్యరహస్యాలు బయటివాడి చేతిలో పడతాయని మంత్రులు గొణుక్కున్నారు. యువరాజు రాజప్రతినిధిగా (రీజెంటుగా) ఉంటూ కల్నల్ మక్‌మాన్‌ను ఈ పదవిలో పెట్టినప్పుడు 1812లో పార్లమెంటులోనే గొడవ జరిగింది. అయినా పదవి నిలిచింది. విక్టోరియా భర్త ఆల్బర్ట్ బతికున్నన్నాళ్లూ ఈ పనంతా ఆయనే చూసుకున్నారు. ఆయన 1861లో పోయాక ఆ బరువు జనరల్ చార్లెస్ గ్రే మీద, 1870 నుంచి సర్ హెన్రీ పాన్సన్‌బీ మీద పడింది.

టేలర్, మక్‌మాన్, గ్రే, పాన్సన్‌బీ అందరూ సైనికులే. దీనికి కారణాలు లేకపోలేదు. సైనికాధికారి పైవాడి ఆజ్ఞకు అలవాటుపడినవాడు. నివేదికను నాలుగు ముక్కల్లో రాయడం నేర్చినవాడు. పార్టీ రాజకీయాల మరక అంటనివాడు. విన్నది కడుపులో దాచుకునే మనిషి అయితే అంతకన్నా కావలసింది లేదు.

ఫిరంగుల దగ్గర

బిగ్ 1849 జూన్ 18న ఉత్తర ఇంగ్లండులోని నార్తంబర్లండ్‌లో పుట్టారు. తండ్రి స్టాంఫర్డమ్ అనే పల్లె చర్చికి గురువు. రాసల్ స్కూలులో చదువు ముగించి, వుల్విచ్‌లోని సైనిక కళాశాలలో చేరి, 1869లో రాయల్ ఆర్టిలరీలో అధికారి అయ్యారు. ఆ రోజుల్లో పదాతి దళంలో, ఆశ్విక దళంలో అధికారి హోదాను డబ్బిచ్చి కొనుక్కునేవారు. 1871 దాకా ఆ పద్ధతి సాగింది. ఫిరంగి, ఇంజనీరు దళాల్లో మాత్రం ఆ బేరం లేదు. లెక్కలూ యంత్రశాస్త్రమూ చదివి పరీక్ష నెగ్గినవాడికే చోటు. చర్చి గురువు కొడుకుకు ఆ దారి సరిపోయింది.

ఆయన బతుకును మలుపు తిప్పింది ఒక స్నేహం. ఫ్రాన్సులో గద్దె పోగొట్టుకుని ఇంగ్లండులో తలదాచుకున్న మూడో నెపోలియన్ చక్రవర్తి ఒక్కగానొక్క కొడుకు లూయీ కూడా వుల్విచ్‌లోనే చదివాడు. ఆ తర్వాత ఫిరంగి దళంలో పని నేర్చుకుంటున్నప్పుడు బిగ్‌తో అతనికి చెలిమి కుదిరింది. 1879లో దక్షిణాఫ్రికాలో జులు రాజ్యంతో బ్రిటన్ యుద్ధానికి దిగింది. ఇద్దరూ వేర్వేరుగా అక్కడికి వెళ్లారు.

ఆ ఏడాది జనవరి 22న ఇసాండ్ల్‌వానా దగ్గర జులు సైన్యం బ్రిటిష్ దండును ఊచకోత కోసింది. మార్చి 29న కంబులా అనే చోట కల్నల్ ఎవెలిన్ వుడ్ నాయకత్వంలోని రెండు వేలమంది మీదికి సుమారు ఇరవై వేలమంది జులు యోధులు వచ్చిపడ్డారు. వుడ్ దగ్గరున్నవి ఆరు చిన్న ఫిరంగులు. వాటిలో నాలుగింటిని బండ్ల కోటకూ మట్టికోటకూ మధ్య, ఏ మరుగూ లేని నేల మీద నిలిపారు. ఆ ఫిరంగులను నడిపిన ఇద్దరు లెఫ్టినెంట్లలో బిగ్ ఒకరు, స్లేడ్ రెండోవారు. మట్టికోటలోని ఫిరంగుల దగ్గరున్న నికల్సన్ అనే అధికారి తుపాకి గుండుకు నేలకొరిగాడు. నాలుగు గంటలు సాగిన పోరు బ్రిటిష్‌వారి గెలుపుతో ముగిసింది. గుళ్లవాన మధ్య ఫిరంగులను వదలకుండా నిలిచిన ఆ కుర్ర అధికారులను వుడ్ తన నివేదికలో మెచ్చుకున్నారు.

రెండు నెలలు తిరిగాయో లేదో, జూన్ 1న లూయీ చిన్న గస్తీ బృందంతో వెళ్లి జులు యోధుల ఈటెలకు బలయ్యాడు. అతనికి ఇరవై మూడేళ్లు. కొడుకును పోగొట్టుకున్న యూజెనీ చక్రవర్తిని విక్టోరియాకు ఆప్తురాలు. కొడుకు నేలకొరిగిన చోటును కళ్లారా చూడాలని ఆమె 1880లో దక్షిణాఫ్రికాకు బయల్దేరారు. ఆమెకు తోడుగా వుడ్‌తోపాటు వెళ్లిన కొద్దిమందిలో కొడుకు స్నేహితుడైన బిగ్ ఉన్నారు. ఇంగ్లండులో విక్టోరియా కూడా లూయీ కబుర్లు చెప్పగల ఈ యువకుణ్ని పిలిపించుకుని మాట్లాడారు. మనిషి నెమ్మదితనం ఆమెకు నచ్చింది. 1880లోనే ఆయనకు కొలువులో చోటు దొరికింది. పాన్సన్‌బీ కింద సహాయ కార్యదర్శి అయ్యారు. మరుసటేడు కాన్‌స్టన్స్ నెవిల్‌ను పెళ్లాడారు. తర్వాత పుట్టిన కూతురుకు విక్టోరియా యూజెనీ అని పేరుపెట్టారు. ఆయన్ని పైకి తెచ్చిన ఇద్దరు స్త్రీల పేర్లూ అందులో ఉన్నాయి.

పాన్సన్‌బీ బడిలో

పాన్సన్‌బీ దగ్గర పదిహేనేళ్లు సహాయకుడిగా ఉండటమే బిగ్‌కు అసలు చదువు. విక్టోరియాను ఎదిరిస్తే పని చెడుతుంది, అన్నిటికీ తలూపితే దేశం చెడుతుంది. పాన్సన్‌బీ నడిమి దారి పట్టారు. రాణి రెండూ రెండూ ఐదంటే, నాలుగేమోనని తనకు అనిపిస్తోందని నెమ్మదిగా ఒకసారి చెప్పి, ఆమె పట్టుబడితే ఆ మాట అక్కడికి ఆపేసేవారట. కొన్నాళ్లాగి మరో దారిన అదే సంగతి మళ్లీ ముందుకు తెచ్చేవారు. ఒకే కప్పు కింద ఉన్నా రాణి చాలావరకు చీటీల మీదే వ్యవహారం నడిపేవారు. ఏటా నెలల తరబడి లండనుకు దూరంగా, స్కాట్లండులోని బాల్మొరల్‌లో మకాం. మంత్రులకూ ఆమెకూ మధ్య వంతెన ఈ కార్యదర్శులే.

1895లో పాన్సన్‌బీకి పక్షవాతం వచ్చి పడిపోవడంతో ఆ కుర్చీ బిగ్‌కు దక్కింది. అప్పటికి రాణికి డెబ్బై ఐదేళ్లు దాటాయి. చూపు తగ్గిపోతోంది. ఆమెకోసం కార్యదర్శులు నల్లసిరాతో లావుపాటి అక్షరాలు రాయాల్సివచ్చేది. అదీ కష్టమైనప్పుడు కూతురు బియాట్రిస్ పత్రాలు చదివి వినిపించేవారు. ఆ చదువులో ఏది జారిపోతోందో, ఏది తారుమారవుతోందో అని కార్యదర్శులు బెంగపడేవారు. ఆగ్రా నుంచి 1887లో వచ్చిన మున్షీ అబ్దుల్ కరీంకు రాణి ఇస్తున్న చనువు కొలువులో మరో తలనొప్పి. 1897లో ఈ విషయమై ఉద్యోగులంతా మూకుమ్మడిగా రాజీనామా చేస్తామనేదాకా వెళ్లింది. బోయర్ యుద్ధం నడుస్తుండగా 1901 జనవరి 22న విక్టోరియా కన్నుమూశారు.

యువరాజు వెంట

కొత్త రాజు ఏడో ఎడ్వర్డుకు ఫ్రాన్సిస్ నాలిస్ అనే సొంత కార్యదర్శి ఎప్పటినుంచో ఉన్నారు. బిగ్ కొత్త రాజు కొడుకు జార్జి దగ్గర చేరారు. జార్జి పన్నెండో ఏటినుంచీ నౌకాదళంలో పెరిగినవాడు. నిజాయతీ ఉంది గాని లోకజ్ఞానం తక్కువ, కోపం ఎక్కువ. నలుగురిలో మాట్లాడాలంటే జంకు. రాజ్యాంగం గురించి, మంత్రులతో మసలడం గురించి ఆయనకు తెలిసిందంతా బిగ్ దగ్గర నేర్చుకున్నదే. చిరాకులో కసురుకున్నందుకు మన్నించమని, నీ స్నేహం లేకపోతే నాకు గడవదని యువరాజే కార్యదర్శికి ఉత్తరం రాశారు. తనకు రాజుగా ఉండటం నేర్పింది ఆయనేనని తర్వాత చెప్పుకున్నారు.

1901 మార్చిలో ఇద్దరూ ఓఫిర్ అనే ఓడలో సామ్రాజ్య యాత్రకు బయల్దేరారు. మే 9న మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా తొలి పార్లమెంటును జార్జి ప్రారంభించారు. న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, కెనడా చుట్టి నవంబరులో తిరిగొచ్చారు. ఆ డిసెంబరులో లండన్ గిల్డ్‌హాలులో, పోటీలో వెనకబడకుండా మాతృదేశం మేలుకోవాలంటూ చేసిన ప్రసంగం జార్జికి మొదటిసారి పేరు తెచ్చింది.

1905 నవంబరులో యువరాజు దంపతులు బొంబాయిలో దిగారు. బిగ్ కూడా వెంట ఉన్నారు. ఉత్తరాదిన తిరిగి, బర్మా చూసి, 1906 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మద్రాసు, మైసూరు, హైదరాబాదు సందర్శించారు. అది వందేమాతరం ఉద్యమ కాలం. వైస్రాయి కర్జన్ చేసిన బెంగాల్ విభజనతో దేశం అట్టుడుకుతోంది. ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక, భారతీయుల పట్ల పాలకులు మరింత సానుభూతితో మెలగాలని జార్జి గిల్డ్‌హాలులోనే చెప్పారు. ఈ యాత్రలో పరివారంలో ఉన్న మరో సైనికాధికారి క్లైవ్ విగ్రమ్. బెంగాల్ ఆశ్విక దళానికి చెందినవారు; తండ్రి మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి. బిగ్‌కు ఈయన పనితనం నచ్చింది. 1910లో సహాయకుడిగా తెచ్చుకున్నారు.

ఒక కొలువు, ఇద్దరు కార్యదర్శులు

1910 మే 6న ఎడ్వర్డు చనిపోవడంతో జార్జి రాజయ్యారు. నాలిస్‌ను పంపేయకుండా, బిగ్‌నూ వదులుకోకుండా ఇద్దరినీ జంట కార్యదర్శులుగా ఉంచారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని ఆర్నెల్లలోనే తేలిపోయింది.

అప్పట్లో ప్రభువుల సభ ప్రభుత్వ బడ్జెట్‌ను తిప్పికొట్టి పెద్ద సంక్షోభం తెచ్చింది. ఆ సభ అధికారాలకు కత్తెర వేసే బిల్లును ప్రధాని ఆస్క్విత్ తెచ్చారు. మళ్లీ ఎన్నికల్లో గెలిస్తే, బిల్లు నెగ్గేందుకు కావలసినంతమంది కొత్త ప్రభువులను సృష్టిస్తానని రాజు ముందే రహస్యంగా హామీ ఇవ్వాలని అడిగారు. ఒప్పుకోమని నాలిస్ సలహా. జరగని ఎన్నికల మీద ముందే మాటివ్వడం రాజును ఒక పార్టీకి తాకట్టు పెట్టడమేనని బిగ్ వాదన. 1910 నవంబరు 16న జార్జి అయిష్టంగానే మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టుకోవాల్సిన అవసరం చివరికి రాలేదు. 1911 ఆగస్టులో ప్రభువుల సభే 131-114 ఓట్లతో బిల్లుకు తలవంచింది. కానీ అవసరమైతే ప్రభుత్వం ఏర్పాటుచేయడానికి ప్రతిపక్ష నాయకుడు బాల్ఫర్ సిద్ధంగా ఉన్న సంగతి నాలిస్ తనకు చెప్పలేదని రాజుకు తర్వాత తెలిసింది. 1913లో నాలిస్ తప్పుకున్నారు. 1911లోనే లార్డ్ స్టాంఫర్డమ్ అయిన బిగ్ ఒక్కరే మిగిలారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. స్టాంఫర్డమ్ స్వభావరీత్యా పాతకాలపు సంప్రదాయవాది. నాలిస్ ఉదారవాది. ఇద్దరూ తమ మనసులోని మొగ్గు నుంచి పూర్తిగా బయటపడలేకపోయారు. స్టాంఫర్డమ్ మాత్రం రాజుకు నచ్చని వార్తను కూడా రాజు ముందు పెట్టేవారు. ఆయన నిలవడానికి అది చాలింది.

1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారుకు కూడా ఆయన రాజు వెంట వచ్చారు. ఆ ఆగస్టులోనే గద్దెనెక్కిన ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ సంస్థానాధీశులందరికన్నా ముందు వచ్చి రాజుకు వందనం చేశారు. రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నామని, బెంగాల్ విభజనను రద్దుచేస్తున్నామని రాజు నోట వెలువడేదాకా ఆ రహస్యం బయటికి పొక్కలేదు.

యుద్ధం, ఇంటిపేరు, జారు

1914లో మొదలైన ప్రపంచ యుద్ధం స్టాంఫర్డమ్ ఇంటినీ వదల్లేదు. నవంబరులో అల్లుడు హెన్రీ అడీన్ ఈప్రా దగ్గర చనిపోయారు. 1915 మేలో ఏకైక కుమారుడు జాన్ ఫ్రాన్సులోని ఫెస్టుబేర్ దగ్గర నేలకొరిగాడు. అరవై ఐదేళ్ల తండ్రి పని మానలేదు.

1917 రాజరికానికి గడ్డుకాలం. మార్చిలో రష్యా జారు రెండో నికొలస్ గద్దె దిగారు. బ్రిటన్‌లో సమ్మెలు, రొట్టె కరువు, యుద్ధంపై విసుగు. రాజవంశం జర్మన్ మూలాల మీద గుసగుసలు. వంశం పేరే సాక్స్-కోబర్గ్-గోథా. ఆ వేసవిలో లండను మీద బాంబులు కురిపించిన జర్మన్ విమానాల పేరూ గోథాయే. దేశంలోని అలజడి గురించి వచ్చిన ఉత్తరాలను, పత్రికల కత్తిరింపులను స్టాంఫర్డమ్ ప్రత్యేకంగా దస్త్రం కట్టి పెట్టుకున్నారు. మెత్తటి మాటలతో రాజును మభ్యపెట్టలేదు.

పేరు మార్చాలని నిర్ణయించాక చిక్కొచ్చిపడింది. అసలు రాజుగారి ఇంటిపేరు ఏమిటో ఎవరికీ రూఢిగా తెలియదు. వంశావళి పండితులు వెట్టిన్ కావచ్చు, విప్పర్ కావచ్చు అన్నారు. రెండూ నవ్వు తెప్పించే పేర్లే. ట్యూడర్-స్టువర్ట్, ప్లాంటాజెనెట్, యార్క్, లాంకాస్టర్, ఫిట్జ్‌రాయ్ వంటివి పరిశీలనకు వచ్చాయి. దేనికి ఉండాల్సిన వంక దానికి ఉంది. చివరకు స్టాంఫర్డమ్ 'విండ్సర్' అన్నారు. పధ్నాలుగో శతాబ్దపు మూడో ఎడ్వర్డుకు ఆ పేరు ఒకప్పుడు వాడారని ఆధారం చూపారు. తొమ్మిది వందల ఏళ్లుగా థేమ్స్ ఒడ్డున నిలిచిన కోట పేరు అది. పిల్లవాడికైనా తెలిసిన పేరు, జర్మన్ వాసన లేని పేరు. 1917 జూలై 17న ప్రకటన వెలువడింది. ఒక రాజవంశానికి నామకరణం చేసిన ఘనత నీదేనని మాజీ ప్రధాని లార్డ్ రోజ్‌బరీ ఆయన్ని అభినందించారు.

అదే ఏడాది అదే చేతితో మరో పని జరిగింది. పదవీచ్యుతుడైన జారు కుటుంబానికి ఆశ్రయమివ్వమని రష్యా తాత్కాలిక ప్రభుత్వం అడిగింది. మార్చి 22న బ్రిటిష్ ప్రభుత్వం సరేనంది. ఆ సమావేశంలో స్టాంఫర్డమ్ కూడా ఉన్నారు. జారు, జార్జి అక్కచెల్లెళ్ల పిల్లలు. పక్కపక్కన నిలబడితే పోల్చుకోలేనంత పోలిక. అయినా వారం తిరిగేసరికి రాజు మనసు మారింది. నిరంకుశుడిగా పేరుపడ్డ జారును తెచ్చుకుంటే కార్మికుల కోపం తన మీదికే మళ్లుతుందని భయం. మార్చి 30న స్టాంఫర్డమ్ విదేశాంగ మంత్రి బాల్ఫర్‌కు రాజు సందేహం తెలిపారు. మాటిచ్చాక వెనక్కు తగ్గలేమని బాల్ఫర్ జవాబు. ఏప్రిల్ 6న స్టాంఫర్డమ్ ఒకే రోజు రెండు ఉత్తరాలు రాశారు. రెండోది మరీ ఘాటైనది. ఆహ్వానం చల్లారిపోయింది. 1918 జూలై 17న యెకాతెరిన్‌బర్గ్‌లో జారును, భార్యను, ఐదుగురు పిల్లలను బోల్షెవిక్కులు కాల్చిచంపారు. విండ్సర్ పేరు ప్రకటించి ఆ రోజుకు సరిగ్గా ఏడాది.

ఆ నింద చాలా ఏళ్లు ప్రధాని లాయిడ్ జార్జి మీదే ఉండిపోయింది. కెనెత్ రోజ్ 1983లో వెలువరించిన ఐదో జార్జి జీవితచరిత్రతో ఈ ఉత్తరాల సంగతి లోకానికి విశదమైంది. అప్పుడు ఇంగ్లండుకు పిలిచినా వాళ్లు ప్రాణాలతో చేరేవారో లేదో ఎవరూ చెప్పలేరు. తలుపు మూయమన్నది ఎవరన్న ప్రశ్నకు మాత్రం ఆ కాగితాలే జవాబు.

కర్జన్ కన్నీళ్లు, కార్మిక మంత్రుల కోట్లు

1923 మే 20న ప్రధాని బోనర్ లా గొంతు క్యాన్సరుతో రాజీనామా చేశారు. వారసుడు ఎవరో చెప్పే ఓపిక ఆయనకు లేదు. రాజు లండనుకు దూరంగా ఆల్డర్‌షాట్‌లో ఉన్నారు. పెద్దలను కలిసి అభిప్రాయాలు సేకరించే భారమంతా స్టాంఫర్డమ్‌దే. పోటీలో ఇద్దరు: భారతదేశపు మాజీ వైస్రాయి లార్డ్ కర్జన్, ఆర్థికమంత్రి స్టాన్లీ బాల్డ్విన్. బోనర్ లా ఆలోచన ఇదీ అంటూ ఆయన కార్యదర్శి ఒక కాగితం తెచ్చి ఇచ్చారు. అది బాల్డ్విన్ వైపు మొగ్గింది. నిజానికి దాన్ని రాసింది బాల్డ్విన్ స్నేహితుడు డేవిడ్సన్. లార్డ్ సాల్స్‌బరీ కర్జన్‌కు ఓటేశారు. బాల్ఫర్ జబ్బుమంచం మీంచి లేచి వచ్చి, ఈ కాలంలో ప్రధాని కామన్స్ సభలోనే ఉండాలన్నారు. ప్రధాన ప్రతిపక్షమైన లేబర్ పార్టీకి ప్రభువుల సభలో దాదాపు మనుషులే లేరు మరి.

కర్జన్ సోమర్సెట్‌లోని మాంటక్యూట్ భవనంలో ఉన్నారు. అక్కడ టెలిఫోను లేదు. లండనులో కలవాలంటూ స్టాంఫర్డమ్ తంతి పంపారు. ప్రధాని పదవి ఖాయమని కర్జన్ నమ్మారు. రైల్లో వస్తూ మంత్రివర్గం గురించి ప్రణాళికలు వేసుకున్నారు. 22వ తేదీ మధ్యాహ్నం స్టాంఫర్డమ్ ఆయన ఇంటికెళ్లి, ఇబ్బందిపడుతూ, రాజు బాల్డ్విన్‌ను ఎంచుకున్నారని చెప్పారు. అప్పటికే బాల్డ్విన్ ప్యాలెసుకు వెళ్లి ఉన్నారు. కర్జన్ కుప్పకూలి కన్నీరుపెట్టుకున్నారని చెబుతారు. ఒక పొరబాటు కాగితం ఆ రోజు కార్యదర్శిని తప్పుదారి పట్టించబోయినా, లార్డులు ఇక ప్రధానులు కాలేరన్న నిర్ణయం ఆ తర్వాత ఆనవాయితీ అయింది.

ఎనిమిది నెలలకు, 1924 జనవరి 22న, లేబర్ పార్టీ నాయకుడు రామ్సే మెక్డొనాల్డ్ ప్రధాని అయ్యారు. విక్టోరియా చనిపోయి ఆ రోజుకు ఇరవై మూడేళ్లు. మంత్రుల్లో ఒకప్పుడు రైలింజన్ నడిపినవారు, ఇనుము పోతపోసినవారు, నూలుమిల్లులో పనిచేసినవారు ఉన్నారు. దర్బారు వేడుకలకు జరీ కోటు, మోకాలి దాకా బిగుతు పంట్లాము, కత్తి ఉండాలి. అంత ఖరీదు వాళ్లెక్కడ పెడతారు? డెబ్బై నాలుగేళ్ల స్టాంఫర్డమ్ దర్జీ దుకాణాల ఆరా తీశారు. మాస్ బ్రదర్స్ అనే నమ్మకమైన దుకాణంలో రెండో తరగతి దర్బారు దుస్తులు ముప్ఫై పౌన్లకే దొరుకుతున్నాయని లేబర్ పార్టీ విప్‌కు ఉత్తరం రాశారు. చిన్న విషయంలా కనిపిస్తుంది. కొత్త మంత్రులు రాజు ముందు చిన్నబోకూడదు, కార్మికుల పార్టీకి రాజు పరాయివాడు కాకూడదు. సంప్రదాయవాది అయిన ముసలి కార్యదర్శి ఆ ఉత్తరంతో సాధించింది అదే.

చివరి రోజులు

1928 చివర్లో రాజు ప్రాణాపాయ స్థితికి వచ్చినప్పుడు కొలువు పని ఆగకుండా చూసిందీ ఆయనే. ఎనభయ్యేళ్లు దాటినా విశ్రాంతి తీసుకోలేదు. 1930లో సర్ ఐజక్ ఐజక్స్‌ను గవర్నర్ జనరల్‌గా నియమించాలని ఆస్ట్రేలియా పట్టుబట్టింది. ఆస్ట్రేలియాలో పుట్టినవారు ఆ పదవికెక్కడం అదే మొదలు. రాజుకు ఇష్టం లేకపోయినా చివరికి ఒప్పుకున్నారు. రాజు ఇష్టానికీ రాజ్యాంగ ధర్మానికీ మధ్య ఆయన నడిపిన చివరి పెద్ద బేరాల్లో అదొకటి.

గాంధీ-ఇర్విన్ ఒడంబడిక కుదిరిన నెలాఖరున, 1931 మార్చి 31న, స్టాంఫర్డమ్ ఉద్యోగంలో ఉండగానే చనిపోయారు. ఆ లోటు తీరదని రాజు దినచర్యలో రాసుకున్నారు. వెంటనే విగ్రమ్ ఆ కుర్చీలో కూర్చున్నారు. 1936లో ఆయన తర్వాత వచ్చిన అలెగ్జాండర్ హార్డింజ్ కూడా సైనికుడే. ఢిల్లీ దర్బారు నాటి వైస్రాయి కొడుకు. విక్టోరియా యూజెనీ కొడుకు, స్టాంఫర్డమ్ మనవడు మైకేల్ అడీన్ సైన్యం నుంచే కొలువుకు వచ్చారు. 1953 నుంచి 1972 దాకా రెండో ఎలిజబెత్‌కు ప్రైవేట్ సెక్రటరీగా పనిచేశారు.

స్టాంఫర్డమ్ జీవితం చూస్తే సైన్యం నేర్పిన రెండు గుణాలు కడదాకా కనిపిస్తాయి. ఒకటి, కంబులాలో ఫిరంగుల దగ్గర చూపిన స్థిరత్వం. రెండోది, తన దళాన్ని కాపాడుకోవడానికి దేన్నైనా పక్కనపెట్టే కరకుదనం. మొదటిది జార్జిని రాజుగా తీర్చిదిద్దింది. రెండోది జారు కుటుంబానికి తలుపు మూసింది. ఐరోపాలో రష్యా, జర్మనీ, ఆస్ట్రియా కిరీటాలు రాలిపోయిన కాలంలో బ్రిటన్ కిరీటం నిలిచిందంటే ఆ రెండింటికీ అందులో పాలుంది.

కొడుకు యుద్ధంలో పోవడంతో స్టాంఫర్డమ్ ప్రభువుల బిరుదుకు వారసుడు లేకపోయాడు; అది ఆయనతోనే అంతరించింది. ఆయన ఎంచిన పేరు మాత్రం బ్రిటన్ రాజవంశానికి ఈనాటికీ ఉంది.